పదమూడో శతాబ్దం లేని పదమూడో శతాబ్దపు చాపెల్

పాత కట్టడాలకు మరమ్మతు మొదలయ్యే ముందు, ఏ గోడ ఎప్పటిది, ఏ కిటికీ ఎవరు పెట్టారు అన్నది ఆ కట్టడంలోంచే చదివి రిపోర్టు రాయడం నా పని. పదిహేనేళ్లుగా ఇంగ్లండ్‌లో అదే చేస్తున్నాను. ఈ చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) కేసు రాయడానికి కారణం ఇందులో నేను రెండుసార్లు బోల్తా పడటం. ఒకసారి తొందరపాటు వల్ల, ఇంకోసారి శుద్ధ అజ్ఞానం వల్ల. ఊరు, ట్రస్టు, మనుషుల పేర్లు రాయడం లేదు. కొన్ని సంవత్సరాలు కూడా కావాలనే దశాబ్దం వరకే చెప్పి ఆపేశాను. సరిగ్గా రాస్తే చాపెల్ ఏదో వెతికి పట్టుకోవడం కష్టం కాదు.

నేపథ్యం

నైరుతి ఇంగ్లండ్‌లో సున్నపురాయి కొండల అంచున, ఒక రైతు ఇంటి పెరడుకి ఆనుకుని ఉంటుందీ చాపెల్. లోపల పొడవు 11 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. గోపురం లేదు, గంట లేదు. దూరం నుంచి చూస్తే ధాన్యపు కొట్టే అనుకుంటారు. నిజానికి మూడు వందల ఏళ్లు అది ధాన్యపు కొట్టే.

పారిష్ చర్చి, అంటే ఆ ప్రాంతం మొత్తానికి ఉన్న ప్రధాన చర్చి, మైళ్ల దూరంలో ఉండి, చలికాలం బురదలో అంత దూరం నడవలేని పల్లెల కోసం ఇలాంటి చిన్న చాపెళ్లు కట్టేవారు. మన దగ్గర గుడిలో దీపారాధనకి మాన్యం రాసిచ్చినట్టే, చనిపోయినవాళ్ల ఆత్మశాంతికి ప్రార్థనలు జరిపించమని అక్కడ భూములు రాసిచ్చేవారు. వాటిని చాంట్రీలంటారు. 1547లో ఆరో ఎడ్వర్డ్ రాజ్యంలో వచ్చిన చట్టం ఆ ఆస్తులన్నీ ఖజానాకి లాగేసుకుంది. ఆ దెబ్బకి ఎన్నో చాపెళ్లు అమ్ముడుపోయి కొట్లుగా, ఇళ్లుగా మారాయి. డీర్‌హర్స్ట్‌లో 1056లో ప్రతిష్ఠ జరిగిన ఒడ్డా చాపెల్ ఒక రైతు ఇంట్లో కలిసిపోయి, 1885లో గానీ బయటపడలేదు. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లోని సెయింట్ లారెన్స్ చాపెల్లో ఒక భాగం బడిగా, ఇంకో భాగం కాపురపు ఇల్లుగా ఉండేవి. 1850ల దాకా అది నార్మన్ల కంటే ముందటి సాక్సన్ల నాటి చర్చి అని ఎవరికీ తట్టలేదు.

మా చాపెల్‌ది అంత గొప్ప కథ కాదు. 1870లలో అక్కడి భూస్వామి కొట్టు ఖాళీ చేయించి, బాగుచేయించి, మళ్లీ ప్రార్థనకు తెరిచాడు. ఇప్పుడు ఊరివాళ్లు కొందరు ట్రస్టుగా ఏర్పడి చూసుకుంటున్నారు. చేతిలో డబ్బు తక్కువ.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఉత్తరం వైపు కప్పు కారుతోంది. కాంట్రాక్టరు వచ్చి చూసి వాసాలన్నీ తీసేసి కొత్తవి వేద్దామన్నాడు. ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో ఈ చాపెల్ గురించి ఉన్నవి నాలుగే వాక్యాలు. చాపెల్ 13వ శతాబ్దానిది, 19వ శతాబ్దంలో పునరుద్ధరించారు, కప్పు 19వ శతాబ్దానిది. కాబట్టి వాసాలు తీసేయడానికి అనుమతి సులువుగానే వస్తుందని అందరి నమ్మకం. "రెండు పేజీల ఉత్తరం రాసివ్వండి చాలు, కప్పు పాతది కాదని" అన్నారు ట్రస్టువాళ్లు.

జాబితా 13వ శతాబ్దం అనడానికి ఆధారం తూర్పు గోడలోని మూడు కిటికీలు. సన్నగా, పొడవుగా, పైన మొన తేలి, బల్లెం మొనల్లా ఉంటాయి. లాన్సెట్లంటారు వాటిని. ఇంగ్లండ్ మధ్యయుగపు కట్టడాలను నార్మన్, ఎర్లీ ఇంగ్లిష్, డెకరేటెడ్, పర్పెండిక్యులర్ అని నాలుగు శైలులుగా విడగొట్టినవాడు థామస్ రిక్‌మన్. 1817లో ఆయన వేసిన ఆ లెక్క ఇప్పటికీ మా అందరి నోళ్లలో నానుతోంది. లాన్సెట్ కనపడితే ఎర్లీ ఇంగ్లిష్, అంటే 13వ శతాబ్దం. నేనూ అదే అనుకున్నాను. మొదటి రోజు సాయంత్రానికి ఉత్తరం సగం రాసేశాను కూడా. దాన్ని ఆపింది ఒక తడి మరక.

మరక కింద గీత

కప్పు లోపలివైపంతా ముదురు గోధుమ రంగు పూత. విక్టోరియన్ల, అంటే 19వ శతాబ్దంలో విక్టోరియా రాణి కాలంవాళ్ల, అలవాటు అది. కింద నిలబడి చూస్తే ఏ కప్పయినా 1870లదే అనిపిస్తుంది. జాబితా రాసినాయనా కింద నిలబడే చూసుంటాడు, తప్పు పట్టలేం. అయితే నీళ్లు కారుతున్న చోట ఒక వాసం మీద జానెడు మేర పూత కొట్టుకుపోయింది. నిచ్చెన వేసుకుని ఎక్కి టార్చి పక్కనుంచి వేశాను. నేరుగా వేస్తే ఏమీ కనపడదు. పక్కనుంచి వేస్తే గీతలు లేస్తాయి. బూడిద రంగు ఓక్ చెక్క మీద, వేలికి తగిలేంత లోతుగా, ఒక వి, దాని పక్కన నాలుగు నిలువు గీతలు.

వడ్రంగి రోమన్ అంకెల్లో వేసిన నంబరది. కప్పు మొత్తం ముందు నేల మీద కూర్చి, నంబర్లు వేసి, విప్పి, గోడ మీద మళ్లీ కూర్చేవారు. తొమ్మిదిని ఐఎక్స్ అని రాయరు. తలకిందులైతే పదకొండుగా కనపడుతుంది కాబట్టి వి పక్కన నాలుగు గీతలు గీస్తారు. అంటే నేను చూస్తున్నది తొమ్మిదో నంబరు. అతుకు దగ్గర ఇనుప మేకు లేదు, పలకలుగా చెక్కిన ఓక్ మేకు ఉంది. 1870ల వడ్రంగి మిల్లులో కోసిన కలప, ఇనుప బోల్టులు వాడేవాడు. సగం రాసిన ఉత్తరం అక్కడే ఆగిపోయింది.

ఇది మధ్యయుగపు కప్పే అయితే, దాన్ని పీకేయమని నేను సంతకం పెట్టబోయాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

ఓక్ వాసం వయసు తేల్చడానికి మొదటి దారి చెట్టు వలయాలు లెక్కపెట్టడం. పెన్సిల్ లావు కడ్డీ ఒకటి డ్రిల్లుతో తీసి, వలయాల వెడల్పులు కొలిచి, తెలిసిన వరుసతో పోల్చి చూస్తారు. వానలు బాగా పడ్డ ఏడు వెడల్పు, కరువు ఏడు ఇరుకు. ఆ వరుస ఎక్కడ కుదురుతుందో చూస్తే చెట్టు బతికిన ఏళ్లు తెలుస్తాయి. దీనికి కనీసం 50 వలయాలు కావాలి, 80 దాటితే ధీమా. మా వాసాలు త్వరగా ఎదిగిన కుర్ర చెట్లవి. అయిదు నమూనాలు తీస్తే 45 నుంచి 60 లోపు వలయాలే వచ్చాయి. అన్నీ వెడల్పుగా, ఒకేలా ఉన్నాయి. ఎక్కడా కుదరలేదు. ట్రస్టు డబ్బు కొంత అలా పోయింది.

కాగితాల వైపు వెళ్లాను. 1548లో చాంట్రీల ఆస్తి లెక్క రాసుకెళ్లిన అధికారుల పత్రాలు లండన్ శివారు క్యూ (Kew)లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మా చాపెల్‌కి రెండు వరుసలు దొరికాయి. ఒక చిన్న గంట, సీసం ఏమీ లేదు. సీసం లేదంటే కప్పు మీద సీసపు రేకులు కాక రాతి పెంకులో గడ్డో ఉండేదన్నమాట. అంతకుమించి ఆ కాగితం ఏమీ చెప్పలేదు.

రెండోసారి బోల్తా పడింది ఇక్కడే. కప్పు తేలకపోతే కిటికీలైనా తేల్చుకుందామని లాన్సెట్ పక్కన గచ్చు కొంచెం ఊడిన చోట, రాళ్ల మధ్య సున్నపు మాలులోంచి నల్లటి పలుకులు నాలుగు ఏరాను. నా ఆలోచన ఇది. పూర్వం సున్నపురాయిని పుల్లలతో, చిన్న కొమ్మలతో కాల్చేవారు. బట్టీలో మిగిలిన కర్ర బొగ్గు సున్నంతోపాటు మాలులోకి వచ్చేస్తుంది. పెద్ద మాను బొగ్గయితే చెట్టు వయసు వందేళ్లు అదనంగా కలిసి లెక్క తప్పుతుంది గానీ, చిన్న కొమ్మలకి ఆ బాధ లేదు. కార్బన్ డేటింగ్‌కి ఇంతకంటే మంచి నమూనా ఉండదు. చెట్టు చచ్చాక దానిలోని కార్బన్-14 మెల్లగా తరిగిపోతుంది, మిగిలింది కొలిచి వయసు చెబుతారు. ఇప్పటికీ ఆ తర్కంలో తప్పు లేదు. తప్పంతా ఏరిన వస్తువులో ఉంది.

ల్యాబు నుంచి వచ్చిన జవాబు: 50,000 ఏళ్ల కంటే పాతది, కొలవడానికి కార్బన్-14 మిగల్లేదు.

రెండు రోజులు ల్యాబునే అనుమానించాను. మూడో రోజు మా నాన్నతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ, మిగిలిన పలుకుని కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించాను. మాది కొత్తగూడెం. నాన్న బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరయ్యారు.

"ఇదేంది నాన్నా, చూడు."

"రాక్షసి బొగ్గు గదరా అది. పక్కన అంటుకున్నది చూడు, మెరుస్తలే? మన పొయ్యి బూడిదల గడ్డలు ఏరి పారేసేటోనివి, మర్చిపోయినవా?"

భూమిలో కోట్ల ఏళ్లు మగ్గిన బొగ్గులో కార్బన్-14 ఎక్కడుంటుంది? చిన్నప్పుడు రోజూ చేత్తో ఎత్తిపోసిన వస్తువుని గుర్తుపట్టలేక డబ్బు కట్టి పరీక్షకి పంపాను. భూతద్దం కింద చూస్తే తేడా ఎంత తేలికో. కర్ర బొగ్గులో చెక్క పోగులు కనపడతాయి, కాగితం మీద గీస్తే పెన్సిల్లా రాస్తుంది. ఈ పలుకుల్లో పోగు లేదు. పక్కన అంటుకున్న గడ్డ గాజులా మెరుస్తూ, లోపల బుడగలతో ఉంది. పొయ్యిలో కరిగి గడ్డకట్టిన బూడిద అది. ఇసుకకి బదులు బొగ్గు బూడిద కలిపిన ఈ నల్ల మాలు ఇంగ్లండ్‌లో రైళ్లు, ఆవిరి యంత్రాల కాలంలో బాగా వాడారు. అలాగని బొగ్గు కనపడిన ప్రతి సున్నమూ కొత్తదని అనడానికి లేదు. లండన్ సున్నపు బట్టీల్లో రాక్షసి బొగ్గు పొగ భరించలేక ఒకటో ఎడ్వర్డ్ రాజు 1307లోనే దాన్ని నిషేధించాడు. కానీ కరిగిన బూడిద గడ్డల్ని పిడికిళ్ల కొద్దీ మాలులో కలపడం వేరే సంగతి.

పారేసిన డబ్బే దారి చూపించింది. 13వ శతాబ్దపు కిటికీ చుట్టూ 19వ శతాబ్దపు మాలు ఎందుకుంది?

కిటికీల చుట్టూ

రెండు జవాబులున్నాయి. పాత కిటికీల్నే తీసి మళ్లీ అమర్చి ఉండాలి. లేదా కిటికీలే కొత్తవి. రాళ్ల మీద ఉలి దెబ్బలు చూశాను. ఉత్తర గోడలో మూసేసిన ఒక చిన్న కిటికీ ఉంది. దాని రాళ్ల మీద ఏటవాలుగా, గొడ్డలితో చెక్కిన గరుకు దెబ్బలు. నార్మన్ల నాటి పనితనమది, 12వ శతాబ్దం. దాంతో గోడల వయసు గురించి పెద్దగా తగువు లేకుండా పోయింది. లాన్సెట్ల రాళ్ల మీద మాత్రం దువ్వెనతో దువ్వినట్టు సమానమైన సన్నటి గీతలు, అన్ని రాళ్లకీ ఒకే దిక్కున, ఒకే ఎడంతో. వానకి అరిగిన జాడ బయటివైపు కూడా తక్కువే.

అనుమతి తీసుకుని లోపల గచ్చు మరో రెండు చోట్ల తీయించాను. మూడు లాన్సెట్లనీ కలిపి చుట్టేస్తూ ఒక పెద్ద కమాను అంచు బయటపడింది. బయటివైపు కూడా ఆ వంపు లీలగా కనపడుతూనే ఉంది. ఇన్నాళ్లూ బరువు మోయడానికి కట్టిన కమాను అనుకుంటూ వచ్చారందరూ, నాతో సహా. అంచు రాళ్లకి లోతైన గాడులు చెక్కి ఉన్నాయి. బరువు మోసే కమానుకి అంత నగిషీ ఎవరూ చేయరు. అది ఒక పెద్ద కిటికీ చట్రం. రాతి జాలీలున్న పెద్ద తూర్పు కిటికీలు 14వ శతాబ్దం మొదటి సగంలో నడిచిన డెకరేటెడ్ శైలిలో బాగా వచ్చాయి. పక్కింటి రైతు పెరట్లో పూలమొక్కల చుట్టూ పేర్చిన రాళ్లలో ఒకటి నాలుగు రేకుల పువ్వులా చెక్కి ఉంది. వాళ్ల తాతగారి కాలం నుంచి అక్కడే ఉందట. తెచ్చి పోల్చితే గాడులు సరిపోయాయి.

కొట్టుగా ఉన్నప్పుడు పెద్ద కిటికీ పాడై, మూసేసి ఉంటారు. 1870లలో దాన్ని మళ్లీ చెక్కించడం ఖర్చు. మూడు లాన్సెట్లు చవక. చూసేవాళ్లకి అసలు దానికంటే పాతగా కూడా కనపడతాయి.

కప్పు తేలిన తీరు

వలయాల వెడల్పు దగ్గర ఆగిపోయిన పని స్వాన్సీ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఇంకో పద్ధతితో ముందుకి కదిలింది. వలయం వెడల్పు కాదు, ఒక్కో వలయంలోని చెక్కలో ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) నిష్పత్తి కొలుస్తారు. ఆ నిష్పత్తి ఆ ఏటి వేసవి వానని బట్టి మారుతుంది. చెట్టు సుఖంగా పెరిగి వలయాలన్నీ ఒకేలా వెడల్పుగా ఉన్నా, వాన గుర్తు మాత్రం మారుతూ ఉంటుంది. కుర్ర చెట్లకీ పనిచేస్తుంది. మొదట్లోనే ఎందుకు పంపలేదంటే ఖరీదు. రెండోసారి డబ్బు అడగాల్సి వచ్చినప్పుడు ట్రస్టు ముందు బొగ్గు కథ కూడా దాచకుండా చెప్పాను. నవ్వారు, ఒప్పుకున్నారు.

మూడు వాసాలు తేలాయి. రెండింటిలో చేవ అంచు దాకా మాత్రమే మిగిలింది, పైనున్న లేత చెక్క పోయింది. దక్షిణ ఇంగ్లండ్ ఓక్‌లో లేత చెక్క సాధారణంగా 9 నుంచి 41 వలయాలు ఉంటుంది కాబట్టి చెట్టు కొట్టిన ఏడు ముప్పై ఏళ్ల అంచనాగానే వస్తుంది. మూడోదానికి అదృష్టవశాత్తూ బెరడు అంచు దాకా ఉంది. 14వ శతాబ్దం రెండో దశకంలో, ఒక చలికాలంలో కొట్టిన చెట్టది. అప్పట్లో ఓక్‌ని ఆరబెట్టేవారు కాదు, పచ్చిగానే కోసి వాడేవారు.

ట్రస్టువాళ్లు ఇక అయిపోయిందనుకున్నారు. నాకు మాత్రం తొమ్మిదో నంబరు బుర్రలో తిరుగుతూనే ఉంది. ల్యాబు చెప్పింది చెట్టు ఎప్పుడు పడిందో మాత్రమే. ఆ కప్పు ఈ గోడల కోసమే చేశారని ఎవరు చెప్పారు? 1870లలో ఇంకెక్కడో కూలిన కట్టడం నుంచి కొనితెచ్చి వేసి ఉండొచ్చు.

పరంజా వేశాక అన్ని నంబర్లూ చదివాను. 18 జతల వాసాలు. పడమటి చివర మొదటి జత నంబరు ఆరు, తూర్పు చివర ఆఖరిది ఇరవై మూడు. మధ్యలో ఒక్కటీ వరుస తప్పలేదు. ఒకటి నుంచి అయిదు లేవు. విప్పి మళ్లీ కూర్చిన కప్పులో నంబర్లు తారుమారవుతాయి, మేకు రంధ్రాలు రెండేసి ఉంటాయి. ఇక్కడ ఒక్క వాసంలోనూ రెండో రంధ్రం లేదు. అంటే కప్పు కదల్లేదు, ఒక చివర కోసేశారు. జతకీ జతకీ మధ్య 60 సెంటీమీటర్లు. అయిదు జతలంటే 3 మీటర్లు. చాపెల్ ఒకప్పుడు పడమటికి ఇంకో 3 మీటర్లు ఉండి ఉండాలి. ఇప్పుడున్న పడమటి గోడ మందం 80 సెంటీమీటర్లు కాబట్టి, పాత గోడ లోపలి అంచు బయట గడ్డిలో దాదాపు 2.2 మీటర్ల దూరంలో దొరకాలి.

ఈ లెక్కని కాగితం మీద రాసి, తారీఖు వేసి, ట్రస్టు కార్యదర్శి చేతికిచ్చాను, తవ్వకముందే. దొరికాక లెక్క సర్దుకోవడం మా వృత్తిలో చాలా తేలిక, అందుకే. అనుమతితో మీటరు వెడల్పు గుంట ఒకటి తవ్వారు. రెండో రోజు మధ్యాహ్నం పునాది రాళ్ల లోపలి అంచు 2.3 మీటర్ల దగ్గర తగిలింది. పడమటి గోడని ఇంకోసారి చూస్తే అందులో చాపెల్ రాళ్లే అడ్డదిడ్డంగా, నగిషీ లోపలికి తిప్పి పేర్చి ఉన్నాయి. దాని ముందునుంచే బండ్ల బాట పోతుంది. బాట కోసమే కుదించారని నా ఊహ.

మొత్తం మీద తేలింది ఇది. గోడలు 12వ శతాబ్దానివి. 14వ శతాబ్దం మొదట్లో కొత్త కప్పు, పెద్ద తూర్పు కిటికీ. కొట్టుగా మారాక పడమటి చివర పోయింది. 1870లలో లాన్సెట్లు. 13వ శతాబ్దపు చాపెల్‌గా పేరుపడ్డ దాంట్లో నేను చూపించగలిగిన 13వ శతాబ్దపు రాయి ఒక్కటీ లేదు.

చివరికి చేసిన పని

వాసాలు ఉంచాం. ఏడింటి అడుగు భాగాలు కుళ్లిపోయాయి. కుళ్లిన మేర కోసి కొత్త ఓక్ ముక్కల్ని అతికించాడు వడ్రంగి, అది కూడా ఓక్ మేకులతోనే. విక్టోరియన్ల గోధుమ రంగు పూత తుడవలేదు. కారడానికి అసలు కారణం వాసాలు కానే కాదు. ఎవరూ శుభ్రం చేయని వాననీటి తొట్టి ఒకటి, తర్వాతి కాలంలో గోడకి పూసిన సిమెంటు ఒకటి. లోపలికి వెళ్లిన తడిని సిమెంటు బయటికి రానివ్వదు, తడి పైకి పాకి వాసాల కాళ్లని తినేస్తుంది. సిమెంటు చెక్కి తీసి సున్నం పెట్టించాం.

గొడవ వచ్చింది లాన్సెట్ల దగ్గర. అవి అసలువి కావని తెలిశాక ట్రస్టు పెద్దావిడ వాటిని తీసేసి 14వ శతాబ్దపు కిటికీ మళ్లీ చెక్కిద్దామని పట్టుబట్టారు. నేను కాదన్నాను. మన చేతిలో ఉన్నది చట్రం, ఒక పూరేకు రాయి. మిగతా జాలీ అంతా ఊహే అవుతుంది. 1870ల భూస్వామి చేసింది కూడా అదే కదా. అలాంటి పునరుద్ధరణల మీద కోపంతోనే కవి, డిజైనర్ విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. ఆవిడ నాతో పూర్తిగా ఏకీభవించలేదు, ఇప్పటికీ. కానీ ఓటుకి పెడితే లాన్సెట్లు నిలిచాయి. కమాను అంచు కనపడేలా గచ్చులో ఒక పట్టీ మేర ఖాళీ వదిలేశాం.

నా పద్ధతిలో మారింది కొంచెమే. మాలులో నల్ల పలుకు కనపడితే ల్యాబుకి పంపేముందు కాగితం మీద గీస్తాను. అది రాసినా కూడా, ఏ చెట్టు బొగ్గో చెప్పగలిగినవాళ్లకి చూపించాకే పంపుతాను. జాబితాలో ఉన్న తేదీని రిపోర్టు మొదటి పేజీలో రాయడం మానేశాను, చివర్లో రాస్తాను. మొదట రాస్తే కళ్లు దానికే సాక్ష్యాలు వెతుకుతాయి.

జాబితా వివరణ మార్చమని దరఖాస్తు పెట్టాం. చాపెల్ గేటు దగ్గర "13వ శతాబ్దపు చాపెల్" అన్న చెక్క బోర్డు ఇంకా అలాగే ఉంది. మార్పిద్దామా అని కార్యదర్శి అడిగితే, ఆ డబ్బుతో ముందు వాననీటి తొట్టికి జల్లెడ వేయించమన్నాను.